వీధి కుక్కల దగ్గర ఎలా మెలగాలో చిన్నపిల్లలకు నేర్పేదెలా?

ప్రశ్న
మా సందులో ఆరేడు వీధి కుక్కలున్నాయి. ఒకటి ఈమధ్యే పార్కింగ్‌లో పిల్లల్ని పెట్టింది. పాపకు నాలుగేళ్లు, కుక్క కనబడితే కేకలేస్తూ పరిగెడుతుంది. బాబుకు ఎనిమిది, కూనల్ని ఎత్తుకుంటానంటాడు. "దగ్గరకెళ్లొద్దు" అంటే ఇద్దరూ వినడం లేదు. ఏం నేర్పాలండీ?

జవాబు 1
"వద్దు" అని ఆపేయకుండా, ఏం చేయాలో చూపించండి. భయపడ్డప్పుడు ఒంటికి అలవాటైన పనే గుర్తొస్తుంది. పిల్లలు ఆడే స్టాచ్యూ ఆటనే వాడుకోండి. "కుక్క!" అనగానే ఉన్నచోటే ఆగాలి. కాళ్లు దగ్గరగా, చేతులు ఒంటికి ఆనించి, చూపు కాలి బొటనవేళ్ల మీద, నోరు మూసుకుని. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం, కళ్లలోకి చూస్తే కయ్యానికి వచ్చారనుకుంటుంది. అది వాసన చూసి వెళ్లిపోగానే చాలామంది పిల్లలు పరుగందుకుంటారు, దాంతో మళ్లీ వెంటపడుతుంది. అది బాగా దూరం వెళ్లాక మెల్లగా నడవాలి.

కింద పడితే తాబేలు. మోకాళ్ల మీద ముడుచుకుని, ముఖం నేలకు, వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెవులు కప్పుకోవాలి. ఆ వయసులో ముఖం, మెడ కుక్క నోటికి అందే ఎత్తులోనే ఉంటాయి. చేతిలో బిస్కెట్లుంటే దూరంగా విసిరేయాలి.

రోజూ ఐదు నిమిషాలు ఆడించండి. మొదట బొమ్మ కుక్కతో, తర్వాత మీరే కుక్కలా వచ్చి చుట్టూ తిరుగుతూ.

కానీ నేర్చుకుంది కదా అని పాపను ఒంటరిగా పంపకండి, దయచేసి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన బాబుకూ నాలుగేళ్లే. గుంపు మీదికొస్తే ఆ వయసుకు ఏ ఆటా సరిపోదు. పెద్దవాళ్లు చేయందేంత దగ్గరలో ఉండాల్సిందే.

జవాబు 2
బాబు సంగతి వేరు, వాడికి కారణం చెబితే అర్థమవుతుంది. తల్లి కనబడకపోయినా దగ్గర్లోనే ఉంటుంది, కూన కుయ్యిమంటే చాలు వచ్చి పడుతుంది. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, కట్టేసిన కుక్క జోలికీ వెళ్లకూడదు. తోక ఊపితే స్నేహమేనని మాత్రం నేర్పకండి. ఒళ్లు బిగుసుకుపోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం, ఊరికే మూతి నాక్కోవడం... ఇవి కుక్క బెదిరిందనడానికి గుర్తులని చూపించండి. పళ్లు బయటపెడితే నవ్వుతోందనుకునే పిల్లలున్నారు. సైకిల్ మీదుంటే దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకోవాలి.

జవాబు 3
ఇంకొకటి. కరిచినా, గీరినా వచ్చి చెబితే తిట్టబోమని పిల్లలకు ముందే మాటివ్వండి. తిడతారన్న భయంతో దాచేస్తారు. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. "కుక్కను పది రోజులు చూద్దాం" అని ఆగకుండా అదే రోజు రేబిస్ టీకా వేయించండి. మొదటి టీకా రోజును 0గా లెక్కేస్తే, చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి ఇచ్చేదైతే 14వ రోజున కూడా. పన్ను దిగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలి. టీకా బలం పుంజుకునేదాకా కాపాడేది అదే కాబట్టి, ఆసుపత్రిలో మీరే అడగండి.