చిలుకను చంపకపోతే అది బాలనాగమ్మ కథేనా?

వడ్డేపల్లి చెరువుగట్టు:

పోయిన శనివారం మా పాప బడిలో వార్షికోత్సవం జరిగింది. నాలుగో తరగతి పిల్లలు బాలనాగమ్మ నాటిక వేస్తున్నారంటే ఊర్లో ఉన్న మా అత్తమ్మను కూడా పిలిపించాను, చిన్నప్పుడు బుర్రకథోళ్లు వచ్చినప్పుడల్లా తెల్లవార్లూ కూర్చుని ఈ కథ విన్న మనిషి ఆమె. మా పాపది బాలవర్ధి వేషం. పది రోజులు ఇంట్లో అదే పని, ఆకుపచ్చ చార్టు చిలుక ఆకారంలో కత్తిరించడం, ముక్కుకు ఎర్ర గ్లేజు కాగితం అంటించడం, అది ఊడిపోతే మళ్లీ ఫెవికాల్ పూయడం.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణీ బావలనూ రాళ్లు చేస్తాడు. పసివాడిగా ఉన్నప్పుడే తల్లి దూరమైన బాలవర్ధి పెద్దవాడై, ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందని తెలుసుకుని, దాన్ని పట్టి తెచ్చి చంపి తల్లిని విడిపించుకుంటాడు.

స్టేజీ మీద ఏమైందంటే, బాలవర్ధి చిలుకను తెచ్చాడు, ఫకీరు తప్పయింది, మారిపోతాను అన్నాడు, చిలుకను గాల్లోకి ఎగరేశారు, అందరూ కలిసి డాన్స్ చేశారు. చప్పట్లు బాగానే పడ్డాయి. మా అత్తమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని "చిలుకను సంపలే గదా బిడ్డా, మరి రాళ్లైనోళ్లు ఎట్ల లేసిండ్రు?" అంది. నాకు జవాబు తోచలేదు. తర్వాత బడివాళ్లను అడిగితే, హింస ఉండొద్దని మార్చామన్నారు. నాకైతే రెండు రోజులుగా మనసు కుదుటపడట్లేదు. ఏళ్ల తరబడి తల్లిని చెరలో పెట్టినవాడు ఒక్క సారీతో బయటపడితే బాలవర్ధి అంత దూరం వెళ్లిందెందుకు? పాత కథలను ముట్టుకోవద్దని నా మాట. మీరేమంటారు?

పరకాల పంతులమ్మ:

మీ అత్తమ్మ అడిగింది సరైన మాట, కానీ ఆ బడి వాళ్లను అంత తొందరగా తప్పు పట్టకండి. నేను పద్దెనిమిదేళ్లుగా ప్రైమరీ టీచర్ని. మూడేళ్ల కింద రెండో తరగతికి ఇదే కథ చెప్పాను. మీరు పైన రాయని ముక్క ఒకటుంది కదా, బాలనాగమ్మ తల్లి చనిపోయాక వచ్చిన సవతి తల్లి మాణిక్యాంబ ఏడుగురు ఆడపిల్లలనూ అడవి పాలు చేయడం, అది నేను గొంతు మార్చి, కళ్లు పెద్దవి చేసి బాగా చెప్తాను. మరునాడు మధ్యాహ్నం ఒక పాప టిఫిన్ డబ్బా మూత తీయకుండా కూర్చుంది. ఆకలి లేదా అంటే తల అడ్డంగా ఊపింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు డబ్బా నేనే తీశాను. పులిహోర, పల్లీలు మెత్తబడకుండా వేరే చిన్న పొట్లంలో కట్టి పక్కన పెట్టి ఉన్నాయి. కట్టింది వాళ్ల చిన్నమ్మ. ఆ పాపకు తల్లి పోయి ఏడాది, నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని నాలుగు నెలలు. "చిన్నమ్మ నన్ను అడవిల ఇడిసిపెడ్తదా టీచర్?" అని అడిగింది.

అప్పటి నుంచి మాణిక్యాంబ లేకుండానే చెప్తున్నాను, పిల్లలు అడవిలో తప్పిపోయారంటాను. కథ పోతే పోనీ. వినే పిల్ల ముఖ్యం.

కాజీపేట జంక్షన్:

పాత కథ కఠినంగా ఉంటుంది, ఇప్పటివాళ్లు దాన్ని మెత్తబరుస్తారు అని ఇద్దరూ అనుకుంటున్నట్టుంది, కానీ పుస్తకాలు అచ్చయిన వరస చూస్తే అలా లేదు. సిండ్రెల్లానే తీసుకోండి. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి ఫ్రాన్సులో ఛార్లెస్ పెరో 1697లో అచ్చు వేసిన కథలోవి. అందులో ఆమె చివరికి సవతి అక్కలను క్షమించి, వాళ్లకు కూడా మంచి పెళ్లిళ్లు చేయిస్తుంది. చెప్పు పట్టడానికి ఒక అక్క కాలివేలు, ఇంకో అక్క మడమ కోసుకోవడం గ్రిమ్ అన్నదమ్ముల జర్మన్ పుస్తకంలోది, దాని మొదటి భాగం వచ్చింది 1812లో. పావురాలు ఆ అక్కల కళ్లు పొడవడం ఆ మొదటి ముద్రణలో కూడా లేదు, తర్వాత కలిపారు. ఈ లెక్కన క్షమించడమే పాతది. ఎర్ర టోపీ పిల్ల కథకు వస్తే ఇదంతా తిరగబడింది, పెరో కథలో తోడేలు పిల్లను మింగేయడంతో సరి, గ్రిమ్ కథలో వేటగాడు వచ్చి తోడేలు పొట్ట కోసి పిల్లను బయటికి తీస్తాడు.

పంతులమ్మ గారు చెప్పిన పాప గురించి చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. ఎందుకంటే 1812 ముద్రణలో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేద్దామన్నదీ కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో ఇద్దరినీ సవతి తల్లులుగా మార్చారు. కన్నతల్లి పేరు నిలబెట్టి, ఆ నింద తెచ్చి సవతి తల్లి నెత్తిన పెట్టారు. అలాంటి మార్పుకు మీ క్లాసులో పిల్ల మూడు రోజులు పస్తులుంది. కాబట్టి మాణిక్యాంబను మీరు తీసేయడం నాకు తప్పనిపించలేదు.

చిలుకను వదిలేయడం మాత్రం వేరు. ఆండర్సన్ 1837లో అచ్చు వేసిన చిన్న జలకన్య కథ చూడండి. రాకుమారుడు వేరే అమ్మాయిని పెళ్లాడాడు, తెల్లవారేలోపు అతన్ని పొడిస్తే తను బతుకుతుంది, అందుకోసం అక్కలు తమ జుట్టు ఇచ్చి మరీ కత్తి తెచ్చారు. ఆమె పొడవదు, కత్తిని సముద్రంలోకి విసిరేస్తుంది, నురుగైపోయి ఆ తర్వాత గాలికన్యల్లో కలుస్తుంది. 1989 డిస్నీ సినిమాలో పెళ్లితో ముగించారు. ఆ సినిమా నాకిష్టం, పాటలు ఇప్పటికీ వింటాను, అయినా కత్తి చేతిలో పెట్టుకుని నిలబడ్డ ఆ కాసేపు లేకపోతే అది ఆ కథ కాదు. బాలనాగమ్మలో చిలుక అలాంటిది.

మంథని గోదారి:

ఒక్క మాట అన్నా. చిలుక ఉండాలి, మాణిక్యాంబ పోవచ్చు అని తేల్చడానికి మనమెవరం? జెమినీ వాళ్లు 1942లో తీసిన సినిమాలో వాడు ఫకీరు కాదు, మాయల మరాఠీ. పేరు మారినా జనం చూశారు. మా గల్లీలో సగం ముస్లింల ఇళ్లు, మా బాబుతో పాటు వాళ్ల పిల్లలూ మా అరుగు మీద కూర్చుని కథలు వింటారు. నేను ఫకీరు అనను, మాయలోడు అంటాను. దీన్ని కూడా కథను పాడుచేయడం అంటారా చెరువుగట్టు అక్కా?

బేతాళ కథలు చూడండి, 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో రాసినవి ఇరవై ఐదు. చందమామ వాళ్లు ఆ శవాన్నీ, ఆ చెట్టునూ, ఆ తల పగిలే శాపాన్నీ ఉంచుకుని దశాబ్దాల తరబడి కొత్త కథలు రాయిస్తూనే పోయారు. పాతదాంట్లో చివరి ప్రశ్నకు రాజు జవాబు చెప్పలేక మౌనంగా నడుస్తాడు, బేతాళుడు మెచ్చి భిక్షువు కుట్ర చెప్పేస్తాడు, కథ ముగుస్తుంది. మేం చందమామలో చదువుకున్న విక్రమార్కుడికి ఆ ముగింపే లేదు, అయినా ఆయనంటే మాకు ప్రాణం.

కొత్తవాడ మగ్గం:

మా నాయన నేతపని చేసేవాడు. మా పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివాళ్లు పటం పట్టుకుని వచ్చేవాళ్లు, చేర్యాల నకాషీవాళ్లు గీసిన పటం, ఎర్రటి నేల మీద బొమ్మలు, చుట్ట విప్పుతున్నకొద్దీ కథ నడుస్తుంటుంది. చదువుకున్నవాళ్లకు మార్కండేయ పురాణమంటే దేవీ మాహాత్మ్యం ఉన్న సంస్కృత గ్రంథం. మాకు మాత్రం మా మూలపురుషుడు భావనారుషి తామర తూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసిన కథ. ఇది మార్చిన కథ అని మా వాడలో ఎవరితోనైనా అని చూడండి, ఒప్పుకోరు. చాకలివాళ్లకు మడేలు పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబ పురాణం, ఎవరి పటం వాళ్లకు అసలుది.

నా కళ్లతో చూసింది చెప్తాను. ఒక రాత్రి వాన పట్టింది. ఇక తెల్లవార్లూ నడవదని తెలిసి కథకుడు చాలా బొమ్మలు చూపకుండానే చుట్ట తిప్పేశాడు, పెళ్లి సంబరం రెండు మాటల్లో కానిచ్చాడు. నేత బొమ్మ దగ్గరికి వచ్చాక మాత్రం ఆగాడు. తూడు విరవడం, పోగు సాగదీయడం, రెండు వేళ్లతో గాల్లో చూపిస్తూ అదే పాట మళ్లీ మళ్లీ పాడాడు, గోనెసంచులు నెత్తిన కప్పుకున్న ముసలోళ్లు ఒక్కరూ లేవలేదు. ఏది తీయొచ్చు, ఏది తీయొద్దు అన్నది ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి ఆయనకు తెలిసింది. బడి నాటిక రాసినవాళ్లు కథ విన్న మనిషిని ఒక్కరిని ముందు కూర్చోబెట్టుకుని ఉంటే మీ అత్తమ్మ అడిగిన ప్రశ్న వాళ్లకు ముందే వచ్చేది.

వడ్డేపల్లి చెరువుగట్టు:

అందరివీ రెండుసార్లు చదివాను. మంథని తమ్ముడూ, మాయలోడు అంటే నాకేం అభ్యంతరం లేదు, ముట్టుకోవద్దు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకో చెప్తాను.

నిన్న కరెంటు పోతే డాబా మీద చాప వేసుకుని పాపకు వాళ్ల బాపమ్మ కథ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె చెప్పే బాలవర్ధి కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి సముద్రానికి పోతాడు! ఏ బుర్రకథలో విన్నావు అత్తమ్మా అంటే "మా అమ్మ గట్లనే చెప్పింది" అంది. పాపకు నాటికలో ఇష్టమైన పూలమ్మే అవ్వ ముక్కను అడిగి మరీ రెండుసార్లు చెప్పింది. చిలుక దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. కాలు విరిస్తే వాడి కాలు విరిగింది, రెక్క విరిస్తే చెయ్యి విరిగింది అని మెల్లగా చెప్తుంటే పాప లేచి కూర్చుని "బాపమ్మా, చిలుకేం పాపం చేసింది?" అని అడిగింది. పది రోజులు ఆ చార్టు చిలుకను అంటించిన పిల్ల, స్టేజీ మీద దాన్ని ఎగరేసి వచ్చిన పిల్ల, ఇంతవరకూ ఈ మాట అడగలేదు.

మా అత్తమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "నాకూ గదే బాధయితుండె బిడ్డా, నీ అంతున్నప్పుడు" అని, తర్వాత మెడ దాకా చెప్పింది.

పరకాల పంతులమ్మ:

చదివాను. చిలుక సంగతి ఒప్పుకుంటున్నాను, వచ్చే వారం మా క్లాసులో చివరి దాకా చెప్తాను, ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమో చూస్తాను. మాణిక్యాంబను మాత్రం తేను. ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి, ఇంకా మా బడిలోనే ఉంది, మధ్యాహ్నం డబ్బా తెచ్చి నా టేబుల్ పక్కనే కూర్చుని తింటుంది.