గర్భానికి ముందు బరువు ఎక్కువుంటే బిడ్డకి షుగర్ సమస్య వస్తుందా?

ప్రశ్న: నా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 31, అంటే బరువు ఎక్కువే. షుగర్, బీపీ లేవు. పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం. తల్లి బరువు ప్రభావం బిడ్డ మీద పడుతుందని విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. నిజమేనా?

జవాబు 1: కొంత నిజమేనండి. బరువు ఎక్కువుంటే తల్లికి గర్భంలో షుగర్ పెరిగే అవకాశం ఎక్కువ. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది, ఇన్సులిన్ దాటదు, దాంతో గ్లూకోజ్ ఎక్కువైతే బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, కొవ్వూ చేరుతుంది. బొడ్డుతాడు కోశాక గ్లూకోజ్ ఆగిపోతుంది కానీ ఇన్సులిన్ వెంటనే తగ్గదు, అందుకే మొదటి గంటల్లో బిడ్డ షుగర్ పడిపోవచ్చు. మడమ దగ్గర సూదితో గుచ్చి చూసేది దీనికోసమే. పుట్టగానే పాలు పట్టించండి, చాలామందికి సర్దుకుంటుంది.

జవాబు 2: షుగర్ లేని తల్లులైనా బరువు ఎక్కువుంటే బిడ్డల్లో కొవ్వు శాతం కాస్త ఎక్కువే ఉంటుంది. కానీ అది రిస్క్ మాత్రమే, ఖాయమని కాదు. బరువు తగ్గాలంటే ఇప్పుడే తగ్గండి, గర్భం వచ్చాక డైటింగ్ అస్సలు వద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) ముందే చేయించుకోనా?

జవాబు 1: తప్పకుండా చేయించుకోండి.