గ్రహశకలాల ముప్పు: మన దేశం సొంతంగా సిద్ధపడాలా, ఇతర దేశాల నిఘా చాలునా?

దూరదర్శిని (చర్చ ప్రారంభం)

2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ దూరదర్శిని కనిపెట్టిన 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనవచ్చని లెక్కలు తేలడం, ఆ అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి పెరగడం, ఆ తరువాత వారం తిరిగేలోపే దాదాపు సున్నాకు పడిపోవడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఢీకొనే పక్షంలో ఎక్కడెక్కడ పడగలదో పటం మీద గీస్తే వచ్చిన పట్టీ మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆ పట్టీ తూర్పు పసిఫిక్‌లో మొదలై, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా సాగింది. శకలం పరిమాణం సుమారు 60 మీటర్లు. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా మీద గాలిలోనే పేలి, రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని నేలకూల్చిన వస్తువు కూడా ఇంచుమించు ఆ కోవకు చెందినదే.

ఆ వారాల్లో మనం చదివిన అంకెలన్నీ నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ లెక్కగట్టినవి. అవి నమ్మదగినవే, వాటిని అందరికీ ఉచితంగా ఇచ్చినందుకు కృతజ్ఞత చూపవలసిందే. కానీ ముప్పు పట్టీ మన నేల మీదుగా పోతున్నప్పుడు కూడా మనం పాఠకులుగానే మిగలడం నాకు సమంజసంగా తోచడం లేదు. ఈ విషయంలో చేయవలసిన పనులు మూడు: ముందుగా కనిపెట్టడం, వీలైతే దారి మళ్లించడం, వీలుకాకపోతే నేల మీది జనాన్ని కాపాడుకోవడం. దారి మళ్లించడం దేశాలన్నీ కలిసి చేయవలసిన పని. మొదటిదీ మూడోదీ మన చేతిలో ఉన్నవి, వాటికి ప్రభుత్వం ఇప్పుడే డబ్బు కేటాయించాలి అన్నది నా వాదన.

సాగరతీరం

దూరదర్శిని గారూ, మీ ఆందోళనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నేను అక్కడే ఉన్నాను. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, మంచినీళ్ల కోసం జనం బిందెలతో రోడ్ల మీద నిలబడ్డారు. మన తీరానికి తుపాను దాదాపు ఏటా వచ్చే ఆపద. వడగాలులకు ప్రతి వేసవిలోనూ కూలీలు, వృద్ధులు ప్రాణాలు కోల్పోతున్నారు. తుంగుస్కా స్థాయి ఘటన భూమి మొత్తం మీద కొన్ని వందల ఏళ్లకు ఒకసారి జరిగేది, అదీ ఎక్కువ భాగం సముద్రం మీదో నిర్జన ప్రదేశం మీదో జరిగే అవకాశం ఉన్నది. తుపాను షెల్టర్ల మరమ్మతులకే డబ్బు చాలని చోట, రాని ఆపద కోసం ఖర్చు చేయమని పన్ను కట్టేవారిని ఎలా ఒప్పించగలం?

పైగా చిలీలోని వేరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో విడుదల చేసిన తొలి పరిశీలనల్లో, సుమారు పది గంటల చిత్రాల నుంచే 2,104 కొత్త గ్రహశకలాలు బయటపడ్డాయి. అంతటి యంత్రం పని మొదలుపెట్టిన తరువాత మనం ఇక్కడ చిన్న దూరదర్శినులు కట్టుకుని సాధించేది ఏమిటి?

కక్ష్యాగణితం

ఇద్దరి వాదనల్లోనూ కాలం అనే అంశం రాలేదు కనుక దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఆ 3.1 శాతం సంగతి. కొత్తగా కనిపించిన శకలం దారి మొదట్లో కచ్చితంగా తెలియదు. ఫలానా రోజున అది ఉండగల చోట్లన్నీ కలిపితే లక్షల కిలోమీటర్ల పొడవైన పట్టీ వస్తుంది, అందులో భూమి ఒక చిన్న భాగాన్ని మాత్రమే కప్పుతుంది. పరిశీలనలు పెరిగేకొద్దీ పట్టీ కుంచించుకుపోతుంది. భూమి ఇంకా అందులోనే ఉన్నంతకాలం పట్టీలో భూమి వాటా, అంటే ఢీకొనే అవకాశం, పెరుగుతూ కనిపిస్తుంది. పట్టీ కొస భూమిని దాటి లోపలికి జరిగిన రోజున ఆ అంకె ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి శాతం పెరిగి తగ్గడాన్ని శాస్త్రజ్ఞుల తడబాటుగా చూడరాదు. లెక్క సరిగా సాగితే చాలాసార్లు అలాగే నడుస్తుంది.

ఇక దారి మళ్లించడం. 2022 సెప్టెంబరు 26న నాసా వారి డార్ట్ నౌక సుమారు 160 మీటర్ల గ్రహశకలం డైమార్ఫస్‌ను సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైగా వేగంతో గుద్దింది. డైమార్ఫస్ తన పెద్ద జోడీ డిడిమోస్ చుట్టూ తిరిగే కాలం 11 గంటల 55 నిమిషాల నుంచి అరగంటకు పైగా తగ్గింది. ఘనవిజయమే. అయినా ఆ దెబ్బకు డైమార్ఫస్ వేగంలో వచ్చిన మార్పు సెకనుకు దాదాపు 2.7 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక శకలాన్ని సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో పక్కకు నెట్టగలిగామని అనుకుందాం. పదేళ్ల ముందు నెడితే ఆ ఒక్క సెంటీమీటరే పోగుపడి మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. కక్ష్యా కాలం కూడా మారుతుంది కనుక, సరైన దిశలో నెడితే అసలు తేడా అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కనుక తప్పించుకోవచ్చు. అదే నెట్టు పది రోజుల ముందు ఇస్తే శకలం జరిగేది తొమ్మిది కిలోమీటర్ల లోపే, దానివల్ల ప్రయోజనం శూన్యం. అందుకే రాకెట్లకన్నా ముందు కనిపెట్టడమే అసలు రక్షణ అంటాను. 140 మీటర్లు, అంతకన్నా పెద్దవైన భూసమీప శకలాలు సుమారు 25,000 ఉంటాయని అంచనా. వాటిలో ఇప్పటిదాకా దొరికినవి సగం కూడా లేవు.

పాఠకురాలు

సూర్యుడి వైపు నుంచి వచ్చే శకలాల సంగతి ఏమిటి? రాత్రి ఆకాశాన్ని ఎంత జల్లెడ పట్టినా అవి కనిపించవు కదా?

దూరదర్శిని

పాఠకురాలు గారి ప్రశ్నకు చెల్యాబిన్స్క్ ఉదంతమే సమాధానం. 2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని ఆ నగరం మీదికి సుమారు 20 మీటర్ల శకలం సూర్యుడి దిశ నుంచే వచ్చింది. ముందుగా ఎవరికీ తెలియలేదు. నేలకు దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున పేలింది. మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. పేలుడు గాలి తరంగం రెండు నిమిషాలకు గాని నేలకు చేరలేదు, చేరేసరికి వారి ముఖాలు గాజు అద్దాలకు ఎదురుగా ఉన్నాయి. సుమారు 1,500 మంది గాయపడ్డారు, అందులో అత్యధికులకు తగిలినవి గాజు పెంకులే. ఒక బడిలో నాలుగో తరగతి ఉపాధ్యాయురాలు మెరుపును చూడగానే, కారణం తెలియకపోయినా, 44 మంది పిల్లలను బల్లల కిందికి దూరమని చెప్పారు. తరంగం వచ్చినప్పుడు ఆమెకు గాజు లోతుగా గుచ్చుకున్నది, పిల్లల్లో ఒక్కరికీ గాయం కాలేదు.

సూర్యుడికి దగ్గరగా వెదకడానికి నాసా నియో సర్వేయర్ అనే పరారుణ దూరదర్శినిని ఈ దశాబ్దంలోనే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలపబోతోంది. అది కూడా 20 మీటర్ల శకలాలన్నిటినీ పట్టుకోలేదు. కనుక ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలో జనానికి తెలిసి ఉండాలి. సాగరతీరం గారూ, దీనికి కొత్త షెల్టర్లు అక్కరలేదు. 2023లో టెలికాం విభాగం పరీక్ష కోసం పంపిన అత్యవసర హెచ్చరికకు మన ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగిన సంగతి మీకు తెలిసిందే. ఆ ఏర్పాటు ద్వారానే తుపానుకు, భూకంపానికి రాసిపెట్టుకున్నట్టు దీనికీ తెలుగుతో సహా అన్ని భాషల్లో ఒక సందేశం రాసిపెట్టుకోవచ్చు: పెద్ద మెరుపు కనిపిస్తే కిటికీలకు దూరంగా జరగండి, గోడ చాటున కూర్చోండి, శబ్దం వచ్చి పోయేదాకా లేవకండి. బడిలో పిల్లలకు ఈ మూడు మాటలు నేర్పడానికి కోట్లు ఖర్చు కావు.

దూరదర్శినుల విషయానికి వస్తే, రూబిన్ కనిపెట్టగలదు, కానీ చిలీలో తెల్లవారిన తరువాత అది చూడలేదు. 2008 అక్టోబరు 6న అమెరికాలోని అరిజోనాలో కనిపించిన 2008 టీసీ3 అనే నాలుగు మీటర్ల శకలం ఒక రోజు గడవక ముందే సూడాన్ ఎడారిలో రాలింది. ఆ కొద్ది గంటల్లో వేర్వేరు దేశాల పరిశీలకులు దాన్ని వెంటాడబట్టే పడే చోటు ముందుగా తేలింది. శకలాలను వెదికే దూరదర్శినులున్న హవాయి, చిలీ, దక్షిణాఫ్రికాల మధ్య మన రేఖాంశం మీద రాత్రి ఉన్నప్పుడు వెంటాడే కన్ను కావాలి. లడఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా దూరదర్శిని ఇప్పటికే కొంత చేస్తోంది. అటువంటివి మరికొన్ని, ఈ పనికే అంకితమై ఉండాలని అడుగుతున్నాను. ఇది మనకు కొత్త విద్య కాదు. హైదరాబాదులో చదువుకున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు వైనూ బప్పు తమిళనాడులో స్థాపించిన కావలూరు వేధశాల నుంచి 1988లోనే శాస్త్రజ్ఞుడు రాజమోహన్ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు, దానికి రామానుజన్ పేరు పెట్టారు.

పాఠకురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. దీనికి సంబంధించిన మరొక చిక్కు నన్ను బాధిస్తోంది. శకలాన్ని నెట్టడం మొదలుపెడితే అది పడే చోటు ఒక్కసారిగా భూమిని వదిలిపోదు, ముప్పు పట్టీ వెంట జరుగుతూ పోతుంది. ప్రయోగం సగంలో విఫలమైతే, ఒక దేశం మీద పడవలసినది మరో దేశం మీద పడుతుంది. వైఆర్4 పట్టీనే తీసుకుంటే, దాన్ని ఏ వైపు నెట్టాలన్నది ఆఫ్రికాకు, అరేబియా తీరానికి, మనకు మధ్య ప్రాణాలతో కూడిన ప్రశ్న అయ్యేది. సొంత పరిశీలనలు, సొంత కక్ష్యా లెక్కలు లేని దేశం ఆ సమావేశంలో ఏ ఆధారంతో మాట్లాడుతుంది? ఖర్చు విషయంలో సాగరతీరం గారి బాధ నాకు అర్థమవుతుంది గాని, ఈ ఒక్క కారణం చేతనే నేను దూరదర్శిని గారి పక్షాన నిలుస్తాను.

సాగరతీరం

హెచ్చరిక సందేశం, బడుల్లో శిక్షణ — వీటికి నా మద్దతు ఉన్నది, కాకపోతే వాటిని విడిగా పెట్టకుండా తుపాను, భూకంప శిక్షణలోనే కలపాలి. దూరదర్శినుల నిధులు మాత్రం అంతరిక్ష బడ్జెట్ నుంచే రావాలి, విపత్తు సహాయ నిధిని ముట్టుకోరాదు. పాఠకురాలు గారు లేవనెత్తిన అంశం బలమైనదని నేనూ భావిస్తున్నాను. కానీ దానికి ముందు తేలవలసినది ఒకటి ఉన్నది. రేపు ఒక శకలం పది రోజుల్లో కోస్తా మీద పడుతుందని లెక్క తేలితే, ఖాళీ చేయమన్న ఆదేశం మీద సంతకం పెట్టవలసినది ఎవరు? తుపానుకైతే వాతావరణ శాఖ చెబుతుంది, కలెక్టరు ఊళ్లు ఖాళీ చేయిస్తారు, ఆ క్రమం మా తీరంలో అందరికీ తెలుసు. 2029 ఏప్రిల్ 13న, మన కాలమానం ప్రకారం 14 తెల్లవారుజామున, అపోఫిస్ అనే గ్రహశకలం భూ ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరం నుంచి ఏ హానీ చేయకుండా దాటిపోతుంది. ఆలోగా ఇస్రో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, రాష్ట్రాలు కలిసి ఈ ఆదేశ క్రమాన్ని రాతపూర్వకంగా ప్రకటించి, ఒక్క తీర జిల్లాలోనైనా నమూనా విన్యాసం జరిపించాలని ఈ వేదిక తరఫున వినతిపత్రం పంపుదామంటే అందులో నేనూ సంతకం చేస్తాను.