మైగ్రేన్ కోసం పీఎఫ్ఓ మూయించాలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): చెల్లికి 29. తలనొప్పికి ముందు 20 నిమిషాలు కళ్ల ముందు వంకర మెరుపులు. గుండె ఎకోలో పీఎఫ్ఓ (గుండె పై గదుల మధ్య మూసుకోని చిన్న రంధ్రం) అని రాశారు. డివైస్ పెట్టి మూసేస్తే నొప్పి పోతుందా అండీ?

జవాబు 1: కంగారు వద్దండీ. కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉండే దారే అది. పెద్దయ్యాక కూడా నలుగురిలో ఒకరికి మూసుకోదు. ఆరాతో (నొప్పికి ముందు ఇలా మెరుపుల్లాంటివి కనిపించడం) మైగ్రేన్ వచ్చేవాళ్లలో దాదాపు సగం మందికి ఉంటుంది. ఊపిరితిత్తులు వడకట్టాల్సిన సన్నటి గడ్డలు, సెరటోనిన్ లాంటివి ఆ దారిన మెదడుకు చేరుతున్నాయన్నది ఊహ. ఊహే! రంధ్రం మూస్తే మైగ్రేన్ తగ్గుతుందా అని చూసిన మిస్ట్ (2008), ప్రైమా (2016), ప్రీమియం (2017) ట్రయల్స్ మూడూ ప్రధాన లక్ష్యం అందుకోలేదు. పైగా డివైస్ పెట్టాక గుండె లయ తప్పొచ్చు. కారణం తెలియని స్ట్రోక్ వచ్చి, వయసు 60 లోపైతే మూయించడం వేరే లెక్క.

జవాబు 2: బబుల్ పరీక్ష చేశారా? 9 మి.లీ. సెలైన్, 1 మి.లీ. గాలి త్రీవే (మూడు దారుల కుళాయి)తో రెండు సిరంజిల మధ్య చిలికి మోచేతి నరంలోకి ఎక్కిస్తారు. ముక్కి పట్టి వదలమంటారు. గుండె కుడి గది బుడగలతో నిండాక 3 బీట్లలోపు ఎడమవైపు బుడగలు కనిపిస్తే పీఎఫ్ఓ. ఆలస్యంగా వస్తే ఊపిరితిత్తుల్లో దారి వెతకాలి. గట్టిగా ముక్కకపోతే ఉన్నది కూడా దొరకదు.

జవాబు 3: ముందు నిమ్హాన్స్‌లాంటి చోట న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనలాల్ మాత్ర ఇస్తామంటే ఆస్తమా ఉంటే చెప్పాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. ఆరా ఉన్నవాళ్లకి స్ట్రోక్ ముప్పు అవి ఇంకా పెంచుతాయి, రంధ్రం కన్నా ముందు చూడాల్సింది అది.