జాఁ రూష్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలె? తను తీసిన మనుషులకి ఎన్నడన్నా చూపించిండా?

ఉట్నూరు_పిలగాడు:

అందరికీ నమస్తే. నేను మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న. మొన్న క్లాసుల ఫ్రెంచి డైరెక్టర్ జాఁ రూష్ తీసిన "లే మేత్ర్ ఫూ" చూపించిన్రు. 1955 నాటి సినిమా. పూనకం వచ్చిన మనుషులు, నోట్లకెళ్లి నురగ, కుక్కని కోసి తినుడు. కొందరు చూడలేక బయటికి పోయిన్రు. ఎథ్నోగ్రాఫిక్ సినిమాకి, అంటే జనం బతుకు, ఆచారాలు తీసే సినిమాకి, ఈయనే పెద్దదిక్కు అని ఒక్క మాట చెప్పిన్రు గని, ఎందుకో ఎవ్వరూ చెప్పలే.

మాది ఉట్నూరు దగ్గర. దీపావళికి మా దిక్కు గోండోళ్ళు దండారి ఆట ఆడుతరు, నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు ఊరూరు తిరుగుతరు. యేడాదికోపారి ఎవరెవరో కెమెరాలు పట్టుకొని వస్తరు, ఆ టోపీలని దగ్గరి నుంచి తీసుకొని పోతరు. ఆ వీడియోలు ఏమైనయో ఊళ్ళె ఎవ్వరికీ తెల్వది. ఎనకట గోండుల మీద పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ దొర మార్లవాయి ఊళ్ళె ఉండి తీసిన ఫొటోలు, ఫిలిం లండన్‌ల సోయాస్ అనే యూనివర్సిటీల దాచిపెట్టిన్రు. ఈసారి నేనే ఒక చిన్న డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్న. అందుకే ఈ ప్రశ్న. రూష్ సినిమాలు ఏ వరుసల చూడాలె? తను తీసినోళ్ళకి అవి చూపించిండా? ఆఫ్రికా డైరెక్టర్ ఒకాయన "మమ్మల్ని పురుగుల లెక్క చూస్తున్నవ్" అని ఆయన మొఖం మీదనే అన్నడట, నిజమేనా?

రీలుపెట్టె:

చూపించాడు తమ్ముడూ. అలా చూపించినందువల్లే ఆయన సినిమా మారింది. కాబట్టి ఆ కథ ముందు చెప్తాను, వరుస సంగతి తర్వాత. నేను చాలాకాలం ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను, ఫిల్మ్ సొసైటీలో 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ నడిపేవాణ్ణి. రూష్ అంటే నాకు ప్రాణం. పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆయన సినిమా నేర్చుకుని వచ్చినవాడు కాదు, రోడ్లూ వంతెనలూ కట్టే ఇంజనీరు. 1917లో పారిస్‌లో పుట్టాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సు జర్మన్ల చేతికి చిక్కాక, 1941లో, పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్‌లో రోడ్ల పనికి వెళ్ళాడు. నైజర్ అప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. అక్కడ పిడుగు పడి ఆయన కింద పనిచేసే కూలీలు కొందరు చనిపోయారు. ఏం చెయ్యాలో పాలుపోని స్థితిలో దామురే జికా అనే కుర్రాడు ఆయన్ని తన అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాడు. కలియా అనే ఆ ముసలావిడ పిడుగు దేవుడు డోంగోకి శాంతి జరిపించింది. రూష్ జీవితంలో పూనకం చూడడం అప్పుడే. అంటే కెమెరా కంటే ముందు ఆయనకి దామురే దొరికాడు. 2004 ఫిబ్రవరిలో నైజర్‌లోనే కారు ప్రమాదంలో రూష్ పోయినరోజు కూడా దామురే ఆ బండిలోనే ఉన్నాడు. అరవై ఏళ్ళ స్నేహం. రూష్ మీద రాసేవాళ్ళు బహుమతుల గురించీ సిద్ధాంతాల గురించీ రాస్తారు గానీ, నన్నడిగితే నూటికి పైగా ఉన్న ఆ సినిమాలకి వెన్నెముక ఈ స్నేహమే.

యుద్ధం ముగిశాక, 1946-47లో, ఇద్దరు ఫ్రెంచి మిత్రులతో కలిసి నైజర్ నది మీద దోనెలో సముద్రం దాకా ప్రయాణం చేశాడు. నాలుగు వేల కిలోమీటర్ల పైమాట. పారిస్‌లో పాతసామాన్ల సంతలో కొన్న బెల్ అండ్ హోవెల్ కెమెరా వెంట ఉంది. దాని స్టాండు కాస్తా నదిపాలైంది. చేత్తో పట్టుకుని తియ్యక తప్పింది కాదు, ఆ తర్వాత స్టాండు జోలికి పోవాలనీ అనిపించలేదు. ఆ ఫుటేజీని పారిస్‌లో ఒక న్యూస్‌రీల్ కంపెనీ కొనుక్కుని, తమకి తోచినట్టు కత్తిరించి, ఆటలపోటీలకి చెప్పే వ్యాఖ్యాత చేత హుషారుగా మాటలు చెప్పించి థియేటర్లకి వదిలింది. తన బొమ్మకి పరాయి గొంతు తగిలిస్తే ఎలా ఉంటుందో రూష్‌కి అలా తెలిసొచ్చింది.

ఇక అసలు కథ. 1951లో అయోరు అనే ఊళ్ళో సొర్కో జాలర్లు బల్లేలతో నీటిగుర్రాలని వేటాడడం తీశాడు. కొన్నేళ్ళకి ప్రొజెక్టరూ జనరేటరూ మోసుకుని మళ్ళీ ఆ ఊరే వెళ్ళి, గోడకి దుప్పటి కట్టి ఆ సినిమా వేశాడు. జనం మొదట ప్రొజెక్టర్ వైపు తిరిగి ఆ వెలుగునే చూశారు. తర్వాత దుప్పటి మీద తమ నదిని గుర్తుపట్టారు, మనుషుల్ని గుర్తుపట్టారు. ఈ మధ్యలో చనిపోయినవాళ్ళు నడుస్తూ కనిపించేసరికి ఏడుపులు. మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఏడుపులు తగ్గాక తప్పులు పట్టడం మొదలైంది. వేట రసపట్టులో పడ్డచోట రూష్ సంగీతం పెట్టాడు. మామూలు సంగీతం కూడా కాదు, వేటగాళ్ళకి ఉత్సాహం రావడానికి ఒంటితీగ వాద్యం మీద వాయించే వాళ్ళ సొంత పాటే. చాలా సబబుగా పెట్టాననుకున్నాడు. జాలరి పెద్ద ఒప్పుకోలేదు. నీళ్ళకింద నీటిగుర్రానికి చెవులుంటాయి, వేటలో కిక్కురుమనకూడదు, ఈ పాట వింటే అది పారిపోదా అని అడిగాడు.

రూష్ ఆ పాట తీసేశాడు. తర్వాత కూడా సినిమాలో సంగీతం వాడడం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేవాడు. ఎడిటింగ్ బల్ల దగ్గర బతికినవాడిగా చెప్తున్నాను, అంతకంటే పదునైన ఎడిటింగ్ సలహా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎక్కడ ఏం జరుగుతోందో తెలిసినవాడు చెప్పిన మాట అది.

ఆ రాత్రి అక్కడితో అయిపోలేదు. మా సింహాల వేట కూడా తియ్యమని వేరే ఊరి వేటగాడు ఒకాయన అడిగాడు. విల్లంబులతో సింహాలని వేటాడే ఆ సినిమా పూర్తవడానికి ఏళ్ళు పట్టింది, 1965లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. ఉన్నది తియ్యడం కాదు, మనమే ఒక కథ చేద్దాం అని దామురే, అతని మిత్రుడు లామ్ పట్టుబట్టారు. అలా పుట్టింది "జాగ్వార్". నువ్వు మొదలుపెట్టాల్సింది దాంతోనే. ముగ్గురు కుర్రాళ్ళు బతుకుతెరువుకి నైజర్ నుంచి గోల్డ్ కోస్ట్, అంటే ఇప్పటి ఘానాకి, కాలినడకన పోతారు. సరిహద్దులో పోలీసులు ఆపితే వాళ్ళ ఠాణా వెనకనుంచే తిరిగి దాటేస్తారు. శబ్దం లేకుండా తీసి, 1957లో అక్రాలో బొమ్మ నడుస్తుండగా దామురే, లామ్ చూస్తూ ఏది తోస్తే అది మాట్లాడితే దాన్నే రికార్డు చేశారు. దారిలో బట్టలు కట్టని సోంబా వాళ్ళు కనిపిస్తారు. లామ్ తెల్లబోతాడు. బట్టలు లేవని నవ్వకూడదంటాడు దామురే. ఫ్రెంచి ప్రొఫెసర్ చెప్పాల్సిన వ్యాఖ్యానం నైజర్ కుర్రాళ్ళ నోటివెంట వస్తుంది. జనంలోకి వచ్చేసరికి 1967 అయింది.

"లే మేత్ర్ ఫూ" నీకు ముందూ వెనకా లేకుండా చూపించారు, అందుకే అలా అనిపించింది. అందులో పూనకం వచ్చేవాళ్ళు నైజర్ నుంచి అక్రాకి వలసవెళ్ళిన కూలీలు. వాళ్ళని పట్టే హౌకా ఆత్మలు గవర్నరు, రైలింజను డ్రైవరు, కాపలా కార్పొరల్, డాక్టరుగారి భార్య. అన్నీ దొరల ప్రభుత్వంలోని పదవులే. గవర్నరు విగ్రహం నెత్తిన గుడ్డు పగలగొట్టే చోటు గుర్తుందా? వెంటనే అక్రాలో అసలు బ్రిటిష్ గవర్నరు పరేడ్‌కి కట్ చేస్తాడు. గుడ్డు సొన కారడం, ఆయన టోపీ మీది కుచ్చు పక్కపక్కన కనిపిస్తాయి. ఆ కట్ అర్థమైతే సినిమా అంతా అర్థమవుతుంది. ఇది తియ్యమని అడిగింది కూడా హౌకా పూజారులే.

కృష్ణలంక:

రీలుపెట్టె గారూ, మీ అభిమానం నాకు అర్థమవుతుందండి. కానీ కుర్రాడు అడిగిన మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ పురుగుల మాట అన్నది సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్, 1965లో, రూష్‌తో ఎదురెదురుగా కూర్చుని జరిగిన చర్చలో. మార్సేయ్ రేవులో కూలిపని చేసి, నవలలు రాసి, తర్వాత సినిమా తీసినవాడు సెంబేన్. ఆ మాటని చులకన చెయ్యడానికి లేదు.

పైగా "లే మేత్ర్ ఫూ"ని పారిస్‌లో మొదటిసారి చూపించినప్పుడు అక్కడున్న ఆఫ్రికన్లు మండిపడ్డారు. రూష్ గురువు మార్సెల్ గ్రియోల్ కూడా నాశనం చెయ్యమన్నాడు. గోల్డ్ కోస్ట్‌లో బ్రిటిష్ వాళ్ళు నిషేధించారు. బ్రిటిష్ వాళ్ళ కోపానికి కారణం తెలిసిందే, వాళ్ళ గవర్నర్‌కి అవమానం. ఆఫ్రికన్ల బాధ వేరు. ఆ నురగా ఆ కుక్కా చూసి, వీళ్ళు అడవి మనుషులే అని యూరప్ ప్రేక్షకుడు ఇంటికెళ్తాడని వాళ్ళ భయం. 2020 దాటాక కూడా ఈ కుర్రాడి క్లాసులో జరిగింది అదే కదండీ! పూజారులు అడిగి తీయించుకున్నా, ఆ బొమ్మ చేరిన హాళ్ళన్నీ వాళ్ళ చేతిలో లేవు.

ఇంకో మాట. రూష్ చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని దాటి ఏం చేశారో కూడా చెప్పాలి. రూష్ తీసిన "మువా, ఆఁ న్వార్"లో నటించిన నైజర్ మనిషి ఊమరూ గాండా ఇండోచైనా యుద్ధంలో ఫ్రెంచి సైన్యం తరఫున పోరాడి వచ్చినవాడు. ఐవరీ కోస్ట్‌లో ఆబిజాన్ శివారు త్రెష్‌విల్‌లో దొరికిన పని చేసుకునేవాడు. తన బతుకుని రూష్ చూపించిన తీరు తనకి పూర్తిగా నచ్చలేదు. తనే కెమెరా పట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి కథ "కబస్కబో" తీశాడు. 1972లో ఆఫ్రికా సినిమాల పండుగ ఫెస్పాకోలో పెద్ద బహుమతి మొట్టమొదట అందుకున్నది ఆ గాండాయే. సెనెగల్ అమ్మాయి సాఫీ ఫాయ్ కూడా అంతే. రూష్ సినిమాలో నటించి, తర్వాత పారిస్‌లో చదువుకుని, 1975లో తన ఊరి రైతుల మీద "కడ్డు బేకాట్" తీసింది.

రీలుపెట్టె:

కృష్ణలంక గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. సెంబేన్ మాటని నేను కొట్టెయ్యను. అయితే ఆ మాట తర్వాత రూష్ ఏం చేశాడో కూడా చూడాలి. 1968 ప్రాంతంలో మొదలుపెట్టిన "ప్తీ ఆ ప్తీ"లో దామురే పారిస్ వెళ్తాడు. నడివీధిలో ఫ్రెంచివాళ్ళని ఆపి, తలకాయ కొలతలు తీసి, ఏదీ పళ్ళు చూపించండి అంటాడు. పాతకాలపు మానవశాస్త్రజ్ఞులు ఆఫ్రికాలో చేసిన పని పారిస్ వాళ్ళకి జరిగింది. వాళ్ళు కూడా బుద్ధిగా నోరు తెరుస్తారు. సాఫీ ఫాయ్ కనిపించేది ఈ సినిమాలోనే.

గాండా సంగతికి వస్తే, "మువా, ఆఁ న్వార్"లో నీళ్ళ ఒడ్డున నడుస్తూ యుద్ధం గురించి ఆయన తనంతట తను చెప్పుకుపోయే చోటు చూడండి. పక్కన స్నేహితుడు నడుస్తుంటాడు. చచ్చిపోవడం, చంపడం, తిరిగొచ్చాక ఎవరికీ పట్టకపోవడం, అన్నీ ఆయన మాటలే. రూష్ అక్కడ అడ్డు రాలేదు. ఆయన్ని మెచ్చుకోవడానికి నాకు ఆ చోటు చాలు.

సౌండ్‌బూమ్:

మాటల గురించి వచ్చింది కాబట్టి నా వంతు. రూష్ వాడిన ఆ బెల్ అండ్ హోవెల్ కెమెరా తాళం తిప్పే రకం. ఒకసారి స్ప్రింగు బిగిస్తే దాదాపు 25 సెకన్లు నడిచి ఆగిపోతుంది. "లే మేత్ర్ ఫూ"లో షాట్లన్నీ చిన్నవిగా ఉండడానికి కారణం అదే. బొమ్మతోపాటు శబ్దం పట్టే వీలు లేదు కాబట్టే మాటలు తర్వాత చెప్పించారు.

1960 వేసవికి పరిస్థితి మారింది. సమాజశాస్త్రవేత్త ఎద్గార్ మోరాఁతో కలిసి పారిస్‌లో "క్రోనిక్ దాఁ నెతే" తీస్తున్నప్పుడు ఆంద్రే కూతాఁ తయారుచేస్తున్న తేలికపాటి కెమెరా వాళ్ళ చేతికొచ్చింది. కెనడా నుంచి కెమెరామన్ మిషెల్ బ్రో వచ్చి, నడుస్తూ తియ్యడం ఎలాగో చేసి చూపించాడు. మార్సెలిన్ అనే అమ్మాయి నాగ్రా టేప్ రికార్డర్ భుజాన వేసుకుని, నాజీలు తనని క్యాంపుకి తీసుకెళ్ళిన రోజులూ, తిరిగిరాని తండ్రినీ తలుచుకుంటూ పారిస్‌లో ఒంటరిగా నడుస్తుంది. కెమెరా ఎంత దూరం జరిగినా గొంతు మాత్రం మన చెవి పక్కనే ఉంటుంది. అప్పటివరకూ అలాంటి శబ్దం సినిమాలో విన్నవాళ్ళు తక్కువ. చివర్లో ఆ మనుషులందరినీ హాల్లో కూర్చోబెట్టి సినిమా వేసి, వాళ్ళు దెబ్బలాడుకోవడం కూడా సినిమాలోనే పెట్టారు. రీలుపెట్టె గారు చెప్పిన అయోరు రాత్రి పారిస్‌కి వచ్చిందన్నమాట.

ఉట్నూరు_పిలగాడు:

అందరికీ శనార్తులు. ఇంత వస్తదనుకోలే. "జాగ్వార్" ఇయ్యాల్నే చూస్త. ఒక్కటి అడగాలె రీలుపెట్టె సార్. మా దండారిల గుమ్మెల, పర్ర అనే డోళ్ళు పొద్దంత మోగుతనే ఉంటయి. నా దోస్తు దాని మీద వేరే బీజీఎం వేద్దామంటున్నడు, లేకుంటే యూట్యూబ్‌ల ఎవరూ చూడరంటున్నడు. ఊళ్ళె ముందుగల్ల ఎప్పుడు చూపియ్యాలె? ఎడిటింగ్ అయినంకనా?

రీలుపెట్టె:

ఎడిటింగ్ అయ్యాక చూపిస్తే వాళ్ళు మర్యాదకి బాగుందంటారు, నువ్వూ మార్చలేవు. తీసింది తీసినట్టు, కాస్త వరుసలో పెట్టి, మాటలు చేర్చకముందే చూపించు. అదీ ఫోన్లో కాదు, పెద్దగా, ఊరందరికీ కలిపి. వాద్యాలు వాయించేవాళ్ళని ముందు కూర్చోబెట్టు. ఏ దరువు ఎప్పుడు వస్తుందో వాళ్ళకి తెలుసు, నీ కట్ దరువు మధ్యలో పడితే వెంటనే చెప్తారు. ఆడవాళ్ళనీ అడుగు, వాళ్ళు చూసేది వేరేగా ఉంటుంది. తియ్యకూడనిది, బయటివాళ్ళకి చూపించకూడనిది ఏదైనా ఉందేమో కెమెరా తీయకముందే పెద్దలని అడుగు, వద్దన్నది వదిలెయ్యి. బీజీఎం సంగతి కూడా వాయించేవాళ్ళనే అడగమను నీ స్నేహితుణ్ణి.

వరుస ఇది: "జాగ్వార్", "మువా, ఆఁ న్వార్", అప్పుడు మళ్ళీ "లే మేత్ర్ ఫూ", ఆ వెనకే గాండా "కబస్కబో", సాఫీ ఫాయ్ "కడ్డు బేకాట్". తర్వాత "క్రోనిక్", "ప్తీ ఆ ప్తీ". తీరిక దొరికితే మాలిలో డోగాన్ వాళ్ళ సిగుయి పండుగ మీద మానవశాస్త్రజ్ఞురాలు జెర్మేన్ దియెతెర్లాఁతో కలిసి తీసినవి చూడు. అరవై ఏళ్ళకోసారి మొదలై ఏడేళ్ళు ఊరూరా సాగే పండుగ. వాళ్ళు తీసింది 1967లో మొదలైనది, లెక్కప్రకారం మళ్ళీ 2027లో రావాలి.

మొదటి కట్ ఊళ్ళో వేశాక వాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయి.