చుక్కలా కనిపించే గ్రహశకలం సైజును ఇంటి టెలిస్కోపుతో కొలవడం ఎలా?

ప్రశ్న: నా దగ్గర 8 అంగుళాల టెలిస్కోపు ఉంది. ఎంత పెద్దది చేసి చూసినా గ్రహశకలం చుక్కలాగే ఉంటోంది. ప్రకాశాన్ని బట్టి లెక్కవేస్తే ఒకసారి 2.7 కిలోమీటర్లు, ఇంకోసారి 6 వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: మీ లెక్కలో తప్పు లేదండీ. బొగ్గులాంటి పెద్ద రాయి, తెల్లటి చిన్న రాయి దూరం నుంచి ఒకేలా వెలుగుతాయి. పడిన వెలుగులో 25 శాతం తిప్పికొడుతుందనుకుంటే 2.7, 5 శాతమే అనుకుంటే 6. ప్రకాశం ఒక్కటే ఈ చిక్కు విప్పలేదు. గ్రహశకలం ఏదైనా నక్షత్రానికి అడ్డువచ్చే రాత్రి కోసం చూడండి. అప్పుడు దాని నీడ భూమి మీదుగా పరుగెడుతుంది. ఉదాహరణకు, మీదానికంటే చాలా పెద్ద గ్రహశకలం ఒకటి అడ్డువచ్చిందనుకోండి. నీడ వేగం సెకనుకు 12 కి.మీ. ఉండి, నక్షత్రం 5 సెకన్లు మాయమైతే మీ మీదుగా 60 కి.మీ. నీడ వెళ్లినట్టు. వీడియోలో ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ సమయం పడాలి. సెకనులో పదో వంతు పొరపాటు జరిగినా 1.2 కి.మీ. తేడా వస్తుంది.

ప్రశ్న: అయితే వ్యాసం 60 కి.మీ. అని రాసుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. అది ఒక్క జ్యా మాత్రమే, అంటే గ్రహశకలం ఆకారానికి ఒకచోట అడ్డంగా గీసిన గీత పొడవు. నడిమి నుంచి వెళ్లిందో, అంచును తాకి వెళ్లిందో తెలియదు. నీడ దారికి అడ్డంగా, కొన్ని కిలోమీటర్ల ఎడంతో మిత్రులను కూర్చోబెట్టండి. నక్షత్రం ఆరలేదని చెప్పేవారి మాటనూ పారేయకండి, గ్రహశకలం అంచు ఎక్కడ ఆగిందో తేల్చేది వారే.

2017 జులై 17న అర్జెంటీనాలో నెప్ట్యూన్‌కు ఆవల ఉన్న కైపర్ వలయంలోని అరోకోత్ అనే చిన్న మంచు శకలం కోసం ఇదే చేశారు. గాలికి టెలిస్కోపులు వణకకుండా లారీలను అడ్డుపెట్టారు, ఊరివాళ్లు వీధిదీపాలు ఆర్పారు. 24 టెలిస్కోపుల్లో ఐదింటికే నీడ చిక్కింది. ఆ ఐదు జ్యాలను పక్కపక్కన పేర్చితే రెండు ముద్దల రూపం తోచింది. 2019 జనవరి 1న నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్ దగ్గరికి వెళ్లి తీసిన ఫొటోల్లోనూ రెండు ముద్దలే ఉన్నాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి ఇది.

మరో సభ్యుడు: ఒక చిన్న చేర్పు. ముందు వెనుక రాత్రుల్లో వెలుగు హెచ్చుతగ్గులు కూడా నమోదు చేయండి. ఉదాహరణకు, ఈరోస్ అనే గ్రహశకలం పొడవాటిది కాబట్టి 5 గంటల 16 నిమిషాల ఒక్కో చుట్టులో సాధారణంగా రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ లయ తెలిస్తే, నక్షత్రాన్ని మూసిన క్షణంలో అది మన వైపు తిప్పిన ముఖం ఏదో పట్టుకోవచ్చు.