ఒక్క గ్రిట్ గార్డే ఉంది: షాంపూ బకెట్‌లో వెయ్యాలా, జాడించే బకెట్‌లోనా?

నల్లకారు_నల్గొండ:
నల్ల రంగు బండి. ఎండలో పెడితే బానెట్ నిండా సాలెగూడులా సన్న గీతలు. ఇకనుంచి రెండు బకెట్లతో కడుగుదామని, ఇసుక అడుక్కి దిగాక మళ్ళీ పైకి లేవకుండా ఆపే ప్లాస్టిక్ జల్లెడ, అదే గ్రిట్ గార్డ్, ఒకటి తెప్పించా. ఏ బకెట్‌లో వెయ్యమంటారు?

చక్రి_విశాఖ:
జాడించే బకెట్‌లో. ఇందులో రెండో మాట లేదు. బండి మీద తిరిగిన మిట్‌ని, అంటే చేతికి తొడుక్కుని కడిగే తొడుగుని, ముందు మంచినీళ్ళ బకెట్‌లో ముంచి, గార్డ్ మీద నాలుగైదుసార్లు రుద్ది, బయటికి తీసి గట్టిగా పిండి, అప్పుడే షాంపూలో ముంచాలి. చాలామంది పిండరు. దాంతో ఆ మురికి నీళ్ళనే షాంపూలోకి మోసుకెళ్తారు. గార్డ్ కిందున్న రెక్కలు అడుగు నీళ్ళు సుడి తిరక్కుండా ఆపడానికే, అక్కడ రెండు మూడు అంగుళాల నీరు నిలకడగా ఉండాలి. టాప్, అద్దాలు, బానెట్, తలుపుల పై సగం, ఆ తర్వాతే కింది సగం, బంపర్లు. చక్రాలకి వేరే బకెట్, వేరే బ్రష్. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి పట్టిన మిట్ పెయింట్ జోలికి రాకూడదు. జాడించే నీళ్ళలో గార్డ్ కనపడకపోతే పారబోసి కొత్తవి పట్టండి.

సెల్లార్_బి2:
చక్రి గారూ, మన ఇళ్ళలో వాడే 20 లీటర్ల బకెట్‌కి అడుగు సన్నం. గార్డ్ అడుగు దాకా దిగదు, సగంలో ఇరుక్కుంటుంది, మిట్ ముంచగానే ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంకో సంగతి. పదో వంతు మిల్లీమీటరు ఇసుక రేణువు 20 సెంటీమీటర్ల నీళ్ళలో అర నిమిషంలో అడుక్కి చేరుతుంది. పది మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో నూరో వంతు రేణువుకి దాదాపు అరగంట పడుతుంది. మీరు మిట్ ముంచేది నిమిషానికోసారి. మరి మీ గార్డ్ ఆపుతున్నది ఏమిటి?

చక్రి_విశాఖ:
గీత పెట్టేది ఆ పెద్ద రేణువేనండీ! అది ఆగితే చాలు. బకెట్ సంగతంటారా, ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ డబ్బా తెచ్చుకోండి. గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి, గార్డ్ చక్కగా కూర్చుంటుంది. కొనేముందు అడుగు వెడల్పు టేపుతో కొలిస్తే సరి.

రాకీ_కేపీహెచ్‌బీ:
బియ్యం కడిగే చిల్లుల బుట్ట బోర్లించినా పనవుతుంది బ్రో. తేలకుండా కింద బరువు కట్టాలి.

గోదారి_గట్టు:
బకెట్లు సరే, అసలు నీళ్ళ మాటేంటి? బోరు మోటారు వేసిన మొదటి రెండు నిమిషాలు ఇసుకే వస్తుంది. సంప్ అడుగున పేరుకున్నది వేరే. ముందు కాసేపు వదిలేసి, పైపు మూతికి పాత కాటన్ పంచె రెండు మడతలు కట్టి పట్టుకోండి. పట్టిన బకెట్ పది నిమిషాలు కదపకుండా ఉంచి, పై నీళ్ళు మాత్రం వంపుకోండి.

పెయింట్_మేస్త్రి:
రంగు మీద పూసే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, దాని మందం 40-50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే తక్కువ. సాలెగూడు గీతలు పోవాలని పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచే రెండు మూడు మైక్రాన్లు అరుగుతుంది. నల్గొండ వాళ్ళు ఒకటి గమనించాలి: అక్కడి రోడ్డు దుమ్ములో గ్రానైట్ పొడి ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం పదికి 7, గాజుని కూడా గీస్తుంది. నల్లరేగడి బురద చూడ్డానికి ఘోరంగా ఉన్నా, దాంట్లోని బంకమట్టి అంత గీయదు. స్పాంజ్ మాత్రం వద్దు. దాని ముఖం చదును, రేణువు లోపలికి పోయే దారి లేక పెయింట్‌కీ స్పాంజ్‌కీ మధ్యే దొర్లుతుంది. పొడుగు పోగుల మైక్రోఫైబర్ మిట్ అయితే పోగుల్లోకి లాక్కుంటుంది.

సెల్లార్_బి2:
మేస్త్రి గారు చెప్పింది నా వాదనకే బలం. రేణువు గుడ్డలోకి పోతే, ఆ గుడ్డని మళ్ళీ బకెట్‌లో ముంచడం దేనికి? ఒకే బకెట్, 8-10 లీటర్ల నీళ్ళు, రిన్స్‌లెస్ షాంపూ (తుడిచాక నీళ్ళు పోసి కడగనక్కర్లేనిది) సీసా మీద రాసిన కొలతలో. పది మైక్రోఫైబర్ గుడ్డలు ముందే నానేసి, ఒక్కోటి నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు. ఒక్కో ముఖంతో ఒకే వైపు ఒక్కసారి లాగి తిప్పెయ్యాలి. వాడిన గుడ్డ పక్క టబ్‌లోకి, బకెట్‌లోకి తిరిగి రాదు. చివరి దాకా బకెట్ నీళ్ళు తేటగానే ఉంటాయి.

చక్రి_విశాఖ:
ఇసుక బకెట్‌లోంచి వాషింగ్ మెషీన్‌లోకి మారింది, అంతే కదా. మడ్ ఫ్లాప్ దగ్గర గట్టిపడిన మట్టి మీద ఆ గుడ్డ లాగండి, సెల్లార్‌లోంచి బయటికి తీశాక తెలుస్తుంది గీత.

సెల్లార్_బి2:
మెషీన్‌లో వేసే ముందు ట్యాప్ కింద విడిగా జాడిస్తాం, సాఫ్ట్‌నర్ వెయ్యం. తెలియకపోతే అడుగు, వెటకారం దేనికి?

చక్రి_విశాఖ:
వెటకారం కాదు. ఆరిన మట్టి మీద గుడ్డ పెట్టడమే తప్పంటున్నా. ముందు ప్రెషర్ వాషర్‌తో కింది నుంచి పైకి తడిపి, షాంపూ నురగ (ఫోమ్) కొట్టి ఐదు నిమిషాలు నాననిచ్చి, పై నుంచి కిందికి కడిగితే చాలావరకు ఇసుక చెయ్యి తగలకముందే పోతుంది. మిగిలినదానికే రెండు బకెట్లు. ఈ మొదటి మెట్టు ఎగ్గొట్టి ఎన్ని గుడ్డలు మార్చినా దండగ.

సెల్లార్_బి2:
అదీ, ఇప్పుడు బయటపడింది. నీకు సొంత వాకిలి, పైపు, కరెంటు ప్లగ్ ఉన్నాయి. మా సెల్లార్‌లో పైపు పెడితే అసోసియేషన్ జరిమానా. వేసవి మూడు నెలలూ ట్యాంకర్ నీళ్ళు, ఆ బిల్లు అందరి నెత్తినా. బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్ళతో బండి కడిగితే 5,000 జరిమానా అన్నారు, మర్చిపోయావా? మామూలు పైపు నిమిషానికి 15 లీటర్లు పోస్తుంది. ఐదు నిమిషాలకి 75. దానికి నీ రెండు బకెట్లు కలుపుకో.

చక్రి_విశాఖ:
ప్రెషర్ వాషర్ నిమిషానికి ఆరు లీటర్లే. ఐదు నిమిషాలకి 30. మామూలు పైపు లెక్క నా నెత్తిన రుద్దకు. నీళ్ళు లేకపోతే దుమ్ము పట్టిన బండిని అలాగే వదిలెయ్, రోజూ తుడవకు. నా మాట అంతే.

రాకీ_కేపీహెచ్‌బీ:
మా వాచ్‌మన్ రోజూ పొద్దున్నే ఒక బకెట్, ఒక గుడ్డతో పన్నెండు బండ్లు తుడుస్తాడు. మొదటిది నాదైతే బాగుణ్ణు.

పెయింట్_మేస్త్రి:
నల్లకారు గారి గీతలకి మూలం అదేనేమో ముందు చూడండి. సాలెగూడు గీతలు కడిగేటప్పుడే కాదు, రోజూ తుడిచే గుడ్డతోనూ పడతాయి.

నల్లకారు_నల్గొండ:
రోజూ ఒక కుర్రాడు తుడుస్తాడండీ. ఇంటి ముందు పైపు ఉంది, ప్రెషర్ వాషర్ లేదు. ఆ కుర్రాణ్ణి రేపట్నుంచి మాన్పించేస్తా. గార్డ్ జాడించే బకెట్‌లో వేస్తా.

సెల్లార్_బి2:
మాన్పించకండి. అతనికి మీ గుడ్డలే ఆరు ఇచ్చి, బానెట్‌కి ఒకటి, టాప్‌కి ఒకటి, తలుపులకి నాలుగు అని చెప్పండి.

చక్రి_విశాఖ:
పొడి దుమ్ము మీద ఆరు గుడ్డలైనా గీతే.